తెనాలి వారి ఆరు గ్లాసుల కాఫీకి ఏ మెషిన్ కొనాలి?

ప్రశ్న: నమస్కారం అండీ. మాది తెనాలి. నాకు అరవై రెండేళ్లు. ఇంట్లో మావారు, నేను, మా అత్తగారు, అబ్బాయి, కోడలు ఉంటాం. పొద్దున్నే అయిదు గ్లాసుల కాఫీ, పదింటికి అత్తగారికి ఇంకో గ్లాసు. ఇన్నాళ్లూ ఫిల్టరే వాడాను. రెండేళ్లుగా వేళ్ల కీళ్లు పట్టేస్తున్నాయి. ఫిల్టరు పై గిన్నె బిగుసుకుపోతే తీయడం నా వల్ల కావడం లేదు. మావారిని పిలిస్తే ఆయన పట్టకారు తీసుకుని వస్తారు, గిన్నె అంచంతా సొట్టలే. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో ‘15 బార్ ప్రెషర్’ అని రాసున్న ఎస్ప్రెసో మెషిన్ చూపించాడు, తొమ్మిది వేలట. డల్లాస్‌లో ఉన్న అమ్మాయి సంక్రాంతికి వస్తూ అక్కడి మెషిన్ తెస్తానంటోంది. కోడలికి కాపచినో ఇష్టం. నాకైతే అయిదు వేలు దాటకూడదు, మీట నొక్కితే పని అయిపోవాలి, మన కాఫీ మన కాఫీలాగే ఉండాలి. ఇవన్నీ కుదిరే మెషిన్ ఉందా? మావి బోరు నీళ్లు, ఆ సంగతి కూడా చెబుతున్నాను.
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, బోరు నీళ్ల సంగతి చివర్లో రాసినా, రాసి మంచి పని చేశారు. మెషిన్ కొనాలనుకునేవాళ్లు బార్‌లు అడుగుతారు, వాట్లు అడుగుతారు, రంగులు కూడా అడుగుతారు. నీళ్ల మాట ఎత్తరు. కొన్నాళ్లకు మెషిన్ మొరాయించేది మాత్రం చాలాసార్లు ఆ నీళ్ల వల్లే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు మీరు అడిగినదానికి జవాబు. మీరు కొనాల్సింది మామూలు డ్రిప్ కాఫీ మేకర్. వెనక నీళ్ల తొట్టి, పైన పొడి వేసే బుట్ట, కింద గాజు జగ్గు, పక్కన ఒకే ఒక్క మీట ఉంటాయి. ఫిలిప్స్, మార్ఫీ రిచర్డ్స్, ప్రీతి లాంటి కంపెనీలవి చిన్న సైజువి సుమారు రెండు వేల నుంచి మూడున్నర వేలలో దొరుకుతాయి. కోడలి కాపచినో కోసం నురగ కొట్టే బ్యాటరీ కవ్వం ఒకటి విడిగా తీసుకోండి, మూడు నాలుగు వందలు. మీ అబ్బాయి చూపించింది మీకు పనికిరాదు. మీ అమ్మాయి తెస్తానన్నది అసలే వద్దు.

ఎందుకో చెబుతాను. కాఫీ మెషిన్ అంటున్నాం గానీ, మీకు కావలసింది డికాషన్ దించే మెషిన్. మీ ఇంట్లో పొద్దున కాఫీ అంటే మూడు పనులు: పాలు కాచడం, డికాషన్ దించడం, కలపడం. పాలు ఎటూ పొయ్యి మీదే కాగుతాయి. ఎవరికి స్ట్రాంగు, ఎవరికి లైటు, ఎవరికి పంచదార లేకుండా అన్నది మీ చేతికే తెలుసు. మెషిన్ మోయగలిగింది ఆ మధ్య పని ఒక్కటే. ఆ ఒక్క పనికి తొమ్మిది వేలు పెట్టక్కర్లేదు.

అసలు మెషిన్ దాకా వెళ్లే ముందు ఫిల్టరు గురించి ఒక మాట. పై గిన్నె బిగుసుకుపోవడానికి మీ వేళ్ల తప్పేమీ లేదు. వేడి డికాషన్ దిగి చల్లారేటప్పుడు కింద గిన్నెలో ఉన్న వేడి గాలి కుంచించుకుపోయి పై గిన్నెను లోపలికి లాగేస్తుంది. అందుకే రాత్రి వేసి పొద్దున తీసే వాళ్లకు ఈ బాధ ఎక్కువ. ఈసారి బిగిస్తే కింద గిన్నెను బాగా వేడి నీళ్లున్న పళ్లెంలో ఒక నిమిషం నిలబెట్టి, అప్పుడు పై గిన్నెను మెల్లగా తిప్పండి. కింద గిన్నె వ్యాకోచిస్తుంది, లోపల గాలి వేడెక్కుతుంది, పట్టు వదులుతుంది. మొదట్లో పెట్టేటప్పుడే నొక్కి పెట్టకుండా వదులుగా కూర్చోబెడితే ఇంకా మేలు. పట్టకారు మాత్రం ఆయనకు అందకుండా దాచేయండి, అంచు సొట్టపోయిన గిన్నె మరింత బిగుస్తుంది. ఈ చిట్కాతో మీకు సరిపోతే మెషినే అక్కర్లేదు. కానీ కీళ్ల నొప్పి ఉన్నవాళ్లకు పొద్దున పూటే వేళ్లు మరీ పట్టేస్తాయి కాబట్టి, మీట నొక్కితే చాలన్న మీ కోరిక సబబే.

ఇక మీ అబ్బాయి చూపించిన 15 బార్‌ల సంగతి. ఎస్ప్రెసో అంటే మెత్తగా ఆడించిన కాఫీ పొడిని గట్టిగా అదిమి, దాంట్లోంచి వేడినీళ్లను ఒత్తిడితో పంపి, పాతిక ముప్పై సెకన్లలో చిక్కటి రసం దించడం. దానికి కావలసిన ఒత్తిడి పొడి దగ్గర సుమారు 9 బార్. అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లు. పెట్టె మీద రాసే 15, 20 అన్నవి లోపలి పంపు గరిష్ఠంగా ఎంత నెట్టగలదో చెప్పే అంకెలు. స్కూటర్ మీటరు మీద 120 అని అచ్చు వేసినంత మాత్రాన ఆ వేగంతో ఎవరూ బజారుకు వెళ్లరు కదా! ఆ అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

అంతకంటే పెద్ద చిక్కు మీ కాఫీ పొడి. మీరు వాడేది చికోరీ (ఒక రకం దుంపను వేయించి చేసే పొడి) కలిసిన పొడి అయి ఉంటుంది, మన ఇళ్లలో ఎక్కువగా అదే కదా. చికోరీ తడిస్తే ఉబ్బి జిగురు జిగురుగా తయారవుతుంది. ఫిల్టరులో అది ఉపకారమే, నీళ్లను తొందరపడి జారిపోనివ్వదు, డికాషన్‌కు ఆ నలుపు, ఆ చిక్కదనం ఇస్తుంది. ఎస్ప్రెసో మెషిన్ బుట్టకుండే సన్నటి రంధ్రాల్లో అదే జిగురు ఇరుక్కుని నీళ్లకు దారి మూసేస్తుంది. అందువల్ల ఆ మెషిన్ కొంటే చికోరీ లేని స్వచ్ఛమైన కాఫీ, అదీ ఎస్ప్రెసోకి తగినట్టు ఆడించింది కొనాలి. అప్పుడు వచ్చేది మంచి కాఫీయే కావచ్చు, కానీ మీ అత్తగారు ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టే కాఫీ. పైగా ఒక్కోసారి ఒకటి రెండు గ్లాసులకే డికాషన్ వస్తుంది. ఆరు గ్లాసులకు పొడి వేసి, అదిమి, బుట్ట ఉన్న పిడిని మెషిన్‌కు బిగించి, తీసి, పిప్పి కొట్టి, కడిగి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ పిడి బిగించి తిప్పడానికి కావలసిన మణికట్టు బలం మీ ఫిల్టరుకు కావలసినదానికంటే ఎక్కువే. అబ్బాయికి అంత సరదాగా ఉంటే వాడి జీతంతో, వాడి గదికి కొనుక్కోమనండి. పాలు నురగ కొట్టే గొట్టాన్ని ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచే పని కూడా వాడికే అప్పగించండి, లేకపోతే పాలు ఎండి గడ్డకట్టి కంపు కొడుతుంది.

నాలుగైదు వేలకే ఎస్ప్రెసో మెషిన్ అని ఇంకో రకం కనిపిస్తుంది, మీ బడ్జెట్‌లోనే ఉంది కాబట్టి దాని మీదికి మనసు పోవచ్చు. అందులో పంపు ఉండదు. మూత బిగించిన చిన్న బాయిలర్‌లో నీళ్లు మరిగి, ఆ ఆవిరే నీళ్లను నెడుతుంది. ఒత్తిడి మూడు నాలుగు బార్‌లు ఉంటే గొప్ప. ఆ బాయిలర్ మూతను గట్టిగా బిగించాలి, రెండో విడత కావాలంటే ఆవిరంతా పోయి చల్లారేదాకా మూత తీయకూడదు. మీ చేతులకు ఇది అన్నిటికంటే చెడ్డ బేరం.

కాప్స్యూల్ మెషిన్లు ఉన్నాయి. చేతికి వాటి కంటే సులువైనవి లేవు, ఒప్పుకోవాలి. కాఫీ పొడి నింపి వచ్చే చిన్న డబ్బీని, అదే కాప్స్యూల్, లోపల వేసి మీట నొక్కడమే. వాటికి పేరున్న నెస్ప్రెసో కంపెనీ కూడా 2024 చివర్లో మన దేశంలోకి అధికారికంగా వచ్చింది. కానీ లెక్క వేయండి. కాప్స్యూల్ యాభై రూపాయలే అనుకున్నా రోజుకు ఆరంటే ₹300, నెలకు ₹9,000. అదే కిలో ₹900 పెట్టి మంచి పొడి కొని రోజుకు 50 గ్రాములు వాడినా రోజుకు ₹45, నెలకు ₹1,350. మెషిన్ ధర ఒక్కసారే కట్టేది, కాఫీ ఖర్చు ప్రతి పొద్దునా కట్టేది. చాలామంది మొదటిదాన్నే బేరమాడతారు.

మోకా పాట్ అని అల్యూమినియం కూజా లాంటిది చూసే ఉంటారు. 1933లో ఇటలీలో పుట్టింది, పొయ్యి మీద పెట్టేది, కాఫీ చిక్కగా దిగుతుంది, నాకు ఇష్టమైన వస్తువు. మీకు మాత్రం కొనమని చెప్పను. కింది భాగాన్నీ పై భాగాన్నీ మర తిప్పి బిగించాలి, వేడిగా ఉన్నప్పుడు విప్పకూడదు. మన గ్యాస్ స్టవ్ కడ్డీల మీద చిన్నది నిలబడదు, ఒరుగుతుంది. అల్యూమినియంది ఇండక్షన్ మీద పనిచేయదు. చికోరీ పొడి కిక్కిరిసేలా నింపితే దారి మూసుకుపోయి ఒత్తిడి పెరిగే ప్రమాదం కూడా ఉంది.

డల్లాస్ మెషిన్ వద్దన్నది రుచి గురించి కాదు, కరెంటు గురించి. అక్కడ ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు, ఇక్కడ 230. వేడి పుట్టించే తీగకు రెట్టింపు వోల్టేజీ ఇస్తే వేడి రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లకు దగ్గరగా పోతుంది. నేరుగా పెడితే మెషిన్ మొదటి రోజే మాడిపోతుంది. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజీని మార్చదు, చాలామంది పొరబడేది అక్కడే. వోల్టేజీ దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే వెయ్యి వాట్ల మెషిన్‌కు సరిపడేది ఇటుకల మూటంత బరువుండి, డ్రిప్ మెషిన్ ధర అదే మింగేస్తుంది. పాడైతే ఇక్కడ బాగుచేసేవాళ్లూ ఉండరు, వారంటీ సముద్రం దాటదు. అమ్మాయి తప్పక ఏదో ఒకటి తెస్తానంటే కాగితపు కాఫీ ఫిల్టర్లు ఒకటి రెండు కట్టలు తెమ్మనండి, సూట్‌కేసులో బరువే తెలియదు.

సరే, డ్రిప్ మెషిన్. అది పనిచేసే తీరు తెలిస్తే దాన్ని మన దారికి తెచ్చుకోవడం తేలిక. తొట్టిలో పోసిన చన్నీళ్లు కింద జగ్గు పెట్టే పళ్లెం అడుగున ఉన్న గొట్టంలోకి దిగుతాయి. అక్కడ హీటరు ఉంటుంది. నీళ్లు మరిగి బుడగలు పుట్టి, ఆ బుడగలే వేడినీళ్లను పైకి నెడతాయి. పైనుంచి బుట్టలోని పొడి మీద చుక్కలుగా పడి, కాఫీ జగ్గులోకి దిగుతుంది. పంపు లేదు, బాయిలర్ మూత లేదు, బిగించే మర లేదు. జగ్గు పళ్లెం వేడిగా ఉంచేదీ ఆ హీటరే. చెడిపోవడానికి ఇందులో భాగాలే తక్కువ, అందుకే నాకు దీని మీద నమ్మకం.

కొన్న మొదటి రోజు మాత్రం చాలామందికి ఏడుపొస్తుంది. జగ్గు మీద 4, 6 కప్పులు అని గీతలుంటాయి. ఆ గీత దాకా నీళ్లు పోసి, పుస్తకంలో రాసినట్టు కొంచెం పొడి వేస్తే బయటికి వచ్చేది అమెరికాలో పాలు లేకుండా పెద్ద కప్పులో తాగే నల్ల కాఫీ. దాంట్లో పాలు కలిపితే కుడితి నీళ్లే. మెషిన్ బాగాలేదని అటక మీద పెట్టేస్తారు. మెషిన్‌ది తప్పు కాదు, కొలత వేరు. ఆ గీతలను మరచిపోండి.

మీ ఆరు గ్లాసులకు ఇలా చేయండి. తొట్టిలో 250 మిల్లీలీటర్ల నీళ్లు, బుట్టలో 50 గ్రాముల పొడి. పెద్ద చెంచాతో గుండుగా తీస్తే ఆరేడు గ్రాములు వస్తుంది కాబట్టి ఏడెనిమిది చెంచాలు. ఒకసారి వంటింటి త్రాసులో తూచి చూసుకుంటే తర్వాత చెంచాలతో సరిపోతుంది. పొడి తన బరువుకు సుమారు రెట్టింపు నీళ్లు తనలోనే పట్టి ఉంచుకుంటుంది, అంటే 100 మిల్లీలీటర్లు పిప్పిలోనే ఉండిపోతాయి. మీకు దిగేది 150. గ్లాసుకు పాతిక చొప్పున ఆరు గ్లాసులు. మిగతాది పాలు. కొనేటప్పుడు బుట్టలో 50 గ్రాములు వేశాక కూడా పైన రెండు వేళ్ల మందం ఖాళీ ఉంటుందో లేదో చూడండి, మరీ చిన్న బుట్టయితే నీళ్లు పొంగుతాయి.

ఇంకో కిటుకు, డికాషన్ చిక్కదనమంతా ఇందులోనే ఉంది. మీట వేయండి. బుట్టలో పొడి మొత్తం తడిసి, కింద జగ్గులో మొదటి నాలుగు చుక్కలు పడగానే మీట ఆపేయండి. ఒక నిమిషం ఆగండి, రెండు నిమిషాలైనా ఫరవాలేదు. మూత తీసి చూస్తే పొడి ఉబ్బి, పైన గోధుమరంగు నురగ బుడగలు కనిపిస్తాయి. తాజా పొడి అయితే ఆ నురగ గుమ్మటంలా లేస్తుంది, పాత పొడి అయితే బురదలా చదునుగా కూర్చుంటుంది. అప్పుడు మళ్లీ మీట వేయండి. ఫిల్టరులో వేడినీళ్లు పోసి మూతపెట్టి నానబెట్టే పనే ఇది, మెషిన్‌తో చేయించుకుంటున్నాం. డిజిటల్ బటన్లు, టైమర్లు ఉన్న ఖరీదైన మోడళ్లలో మధ్యలో ఇలా ఆపడం ఒక్కోసారి కుదరదు. టకటకలాడే పాత తరహా మీట ఉన్నదే అడిగి కొనండి.

రాత్రి పడుకునే ముందే నీళ్లు, పొడి నింపి పెట్టుకోవచ్చు. పొద్దున లేచాక మీట వేసి పాలు పొయ్యి మీద పెడితే పాలు పొంగేలోపు డికాషన్ సిద్ధం. డికాషన్ దిగగానే మీట ఆపేయండి. ఆ వేడి పళ్లెం మీద వదిలేస్తే పావుగంటలో మాడు వాసన, చేదు మొదలవుతాయి. పదింటికి అత్తగారి వాటా కోసం పాతిక మిల్లీలీటర్లు చిన్న స్టీలు ఫ్లాస్కులో పోసి ఉంచండి. డికాషన్‌ను మళ్లీ కాచకూడదన్న సంగతి మీకు నేను చెప్పాలా! పాలు పొంగించి పోస్తే చాలు. తొట్టిలో నీళ్లు తప్ప ఏమీ పోయకండి. పలచగా వచ్చిందని డికాషన్‌నే మళ్లీ తొట్టిలో పోసేవాళ్లున్నారు, పాలు పోసేవాళ్లు కూడా ఉన్నారు. ఆ గొట్టంలోకి చేయి పోదు, బ్రష్ పోదు, కడిగే దారే లేదు.

పొడి విషయంలో ఒక్క మార్పు అవసరం. ఫిల్టరుకు ఆడించే మెత్తటి పొడి, చికోరీ ఎక్కువున్నది ఈ బుట్టలో వేస్తే నీళ్లు దిగక అంచుల మీంచి పొర్లుతాయి, పిప్పి జగ్గులో పడుతుంది. మీ ఊళ్లో గింజలు వేయించి ఆడించే కొట్టుంటే అక్కడికి వెళ్లి ‘ఫిల్టరు కంటే కొంచెం బరకగా’ అని చెప్పి ఆడించుకోండి. గింజల్లో ప్లాంటేషన్ ఎ, పీబెర్రీ అని రకాలుంటాయి, అవి చెరి సగం తీసుకుని, చికోరీ 20 శాతం దాటనివ్వకండి. ప్యాకెట్ పొడి కొంటే వెనక్కి తిప్పి చదవండి. కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, ఏది ఎంతో ప్యాకెట్ మీద రాయాలని నిబంధన ఉంది. ‘కాఫీ 53, చికోరీ 47’ అని చిన్న అక్షరాల్లో కనిపించిందంటే మీరు దాదాపు సగం డబ్బు వేయించిన దుంపకు పెడుతున్నారన్నమాట. 2025 మొదట్లో అంతర్జాతీయ మార్కెట్లో అరబికా అనే రకం కాఫీ గింజల ధర ఎన్నడూ లేనంత పెరిగింది. అలాంటప్పుడు ధర పెంచని ప్యాకెట్‌ను చూసి మురిసిపోకుండా లోపలి పాళ్లు మారాయేమో చూసుకోవాలి.

అరకు కాఫీ గురించి మీరు అడగలేదు గానీ, ఎలాగూ చికోరీ తగ్గిస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ, జీసీసీ అంటారే, వాళ్ల దుకాణాల్లో పొడి దొరుకుతుంది. మీరు వాడే పొడికి అందులోంచి నాలుగో వంతు కలిపి చూడండి, వాసన తేడా వంటగది దాటి తెలుస్తుంది. పూర్తిగా అదే వాడితే మాత్రం పాలల్లో మీకు అలవాటైన గట్టిదనం తగ్గినట్టు అనిపించవచ్చు. ఏది కొన్నా అరకిలో మించి ఒకేసారి కొనకండి. మీ వాడకానికి అది పది రోజులు వస్తుంది.

బుట్టలో సాధారణంగా నైలాన్ జల్లెడ ఇస్తారు, దాంతోనే సరిపోతుంది, కాగితపు ఫిల్టరు తప్పనిసరి కాదు. కాగితం వేస్తే డికాషన్ తేటగా వస్తుంది, ఆ చిక్కదనం కాస్త తగ్గుతుంది. కానీ కాఫీ నూనెల్లో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది, చెడు కొలెస్ట్రాల్‌ను పెంచేది అదే, కాగితం దాన్ని చాలావరకు పట్టేస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతుంటే కాగితం వాడటమే మేలు. కడిగే పని కూడా తగ్గుతుంది, పిప్పితో సహా ఎత్తి గులాబీ కుండీలో పడేయడమే.

ఇప్పుడు మీ బోరు నీళ్లు. నీళ్లలో ఉండే సున్నం వేడికి గొట్టం లోపల తెల్లగా పేరుకుంటుంది, మీ గీజరులో, కాఫీ నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునేదే. ఆ గొట్టం సన్నం కాబట్టి కొన్ని నెలల్లోనే తేడా తెలుస్తుంది. అయిదు నిమిషాల్లో దిగేది పదిహేను నిమిషాలు పడుతుంది, గురగుర శబ్దం పెరుగుతుంది, నీళ్లకంటే ఆవిరే ఎక్కువ వస్తుంది. అది మెషిన్ చెడిపోవడం కాదు. తాగడానికి వాడే ఆర్వో నీళ్లో, టిన్ను నీళ్లో పోస్తే ఈ బెడద చాలావరకు ఉండదు. రోజుకు పావు లీటరే కదా. అయినా రెండు నెలలకోసారి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఒక పెద్ద చెంచా లీటరు నీళ్లలో కలిపి, తొట్టిలో పట్టినంత పోసి, పొడి వేయకుండా మీట వేయండి. సగం దిగాక ఆపి పావుగంట నాననివ్వండి, తర్వాత మిగతాది దించేయండి. ఆపైన మంచినీళ్లు రెండుసార్లు పోసి దించితే పులుపు పోతుంది. జగ్గులో పడిన నీళ్లలో తెల్లటి పొలుసులు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, అన్నాళ్లూ అవే అడ్డం పడ్డాయి.

కాపచినో సంగతి. అసలైన కాపచినోకి ఎస్ప్రెసో కావాలనేవాళ్లు ఉంటారు, నిజమే. ఇంట్లో కోడలికి కావలసింది పైన మందంగా నురగ, కింద గట్టి కాఫీ అయితే మీ డికాషన్ బాగానే సరిపోతుంది. పాలు పొంగేదాకా కాచకుండా, గిన్నె బయట వేలు పెడితే చురుక్కుమనే వేడి దగ్గర దించేసి, ఎత్తైన గ్లాసులో మూడో వంతు పోసి, బ్యాటరీ కవ్వాన్ని పైభాగంలో ముంచి అరనిమిషం తిప్పాలి. నురగ రెట్టింపు లేచాక గ్లాసును బల్ల మీద రెండుసార్లు తట్టితే పెద్ద బుడగలు పోయి మెత్తటి నురగ మిగులుతుంది. అయిదో గ్లాసు ఆమె తనే చేసుకుంటుంది, మీకు ఒక పని తప్పుతుంది.

కరెంటు విషయం ఒకటే. చిన్న డ్రిప్ మెషిన్ ఆరేడు వందల వాట్లు లాగుతుంది, మిక్సీ పెట్టే మామూలు ప్లగ్గు చాలు. ఇన్వర్టర్ మీద మాత్రం పెట్టకండి. పొద్దున్నే కరెంటు పోయే రోజుల కోసం పాత ఫిల్టరును పారేయకుండా ఉంచండి, లేదా ఇన్‌స్టంట్ సీసా ఒకటి పెట్టుకోండి. మీకు పక్కనే దుగ్గిరాలలో ఇన్‌స్టంట్ కాఫీ తయారై విదేశాలకు వెళ్తుంటే దాన్ని చిన్నచూపు చూడటం ఏం న్యాయం!

కొనేటప్పుడు ఆన్‌లైన్ ధర చూసుకుని వెళ్లినా, వీలైతే గుంటూరులోనో విజయవాడలోనో దుకాణంలో ఒకసారి చేత్తో పట్టి చూడండి. జగ్గు పిడిలో మీ నాలుగు వేళ్లూ హాయిగా పడుతున్నాయా, బుట్ట పట్టుకుని లాగితే తేలిగ్గా బయటికి వస్తోందా, తొట్టి మూత ఒక వేలితో లేస్తోందా అని చూడాలి. పట్టు కష్టంగా ఉంటే అయిదు వందలు ఎక్కువైనా వేరే మోడల్ తీసుకోండి, మీ విషయంలో మిగతా హంగులన్నిటి కంటే ఇదే ముఖ్యం. గాజు జగ్గు ఎప్పుడో ఒకప్పుడు సింకులో తగిలి పగులుతుంది. విడిగా జగ్గు దొరుకుతుందా, ఎంత, మీకు దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఎక్కడ అని బిల్లు వేయించకముందే అడగండి. జగ్గు దొరకదంటే ఆ మోడల్ వదిలేయండి.